ముడత పడని నుదురు

ఆదివారం పొద్దున్నే భర్త తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ రాహేలు, "ఇయ్యాళ చర్చిలో సాక్ష్యం చెప్తానండి. మీ గురించే," అంది.

డ్రిల్లు మాస్టారుగా రిటైరైన దానం గొంతులో కాఫీ అక్కడే ఆగిపోయింది.

రాహేలుకి పదేళ్ళుగా మైగ్రేన్. నెలలో సగం రోజులు తలుపులు మూసుకుని చీకట్లో పడుకునేది. ఆ నొప్పి పోవాలని ఉపవాస కూటంలో దానం, చుట్ట మానేస్తానని ప్రభువుకి మాట ఇచ్చాడు. ఆ మాట తొమ్మిది రోజులు నిలబడింది. తర్వాత చుట్ట చాటుకి వెళ్ళింది. వాసన తగిలితే చాలు, రాహేలు నుదుట మూడు ముడతలు పడేవి. అవి చూసి దానం, "బస్సులో ఎవడో కాల్చేడే," అనేవాడు.

నెల కిందట కాకినాడలో డాక్టరు గారు ఆమె నుదుట, కణతల్లో, తల వెనక, మెడ మీద ముప్ఫై ఒక్క సూదులు వేశారు. మూడు నెలలకోసారి వేయించుకుంటే నొప్పి రావడం తగ్గుతుందట. ఆయన మిగతా సంగతులు చెబుతుండగా దానం టీ తాగొస్తానని బయటికి వెళ్ళాడు. తాగింది టీ కాదు, చుట్ట.

ఈమధ్య నొప్పులు తగ్గాయి. ముడతలూ మాయమయ్యాయి. నిన్న ఒంటినిండా చుట్ట వాసనతో ఎదురుగా నిలబడినా ఆమె నుదురు పలకలా నున్నగా ఉంది. దానానికి అనుమానం పట్టుకుంది. దీనికి అంతా తెలిసిపోయింది. కోపమంతా లోపల పోగేస్తోంది.

ఆటోలో రాహేలు, "జేబులో ఏవుందండీ?" అంది.

"ఏవుంటుంది? ఏం లేదు!"

"రుమాలు పెట్టుకున్నారా అని."

దానం నమ్మలేదు. చర్చి గుమ్మంలో ఆమె పాస్టరు గారితో ఏదో గుసగుసలాడింది. ఆయన దానం భుజం తట్టి, "ఇలాంటివి నలుగురికీ తెలియాలండి మాస్టారూ," అన్నారు. డోలక్ వాయించే మధుబాబు, చాటు చుట్టల్లో దానానికి జతగాడు, ఏమైందని కళ్ళతో అడిగాడు. దానం అయిపోయిందన్నట్టు చెయ్యి తిప్పేశాడు.

పాట ముగిసింది. రాహేలు మైకు దగ్గరికెళ్ళి, "మా ఆయన గురించి ఒక్క మాట..." అంది.

"నేనే చెప్పేస్తానే!" దానం లేచి నిలబడ్డాడు. "ఆయ్, కాల్చేనండి! తొమ్మిది రోజులే ఆగేను. బస్సులో ఎవడూ కాల్చలేదు. నేనొక్కణ్ణే కాదండి, మధుబాబు కూడా. చుట్టలు ఆ డోలక్ సంచీలోనే ఉంటాయండి!"

మధుబాబు గబుక్కున సంచీ మీద కూర్చున్నాడు. పాస్టరు గారు లేపించి చూస్తే చుట్టల కట్ట, దాని పక్కనే క్రిస్మస్ నుంచి అందరూ వెతుకుతున్న చర్చి అగ్గిపెట్టె బయటపడ్డాయి.

చర్చి చర్చంతా రాహేలు నుదురు వైపు చూసింది. ఒక్క ముడత లేదు.

"ఎంత క్షమాగుణవండీ ఈవిడది!" అని ముందు వరసలో సత్యవాణి కొంగుతో కళ్ళొత్తుకుంది. పాస్టరు గారు ప్రసంగం మార్చుకుని క్షమాపణ మీద అరగంట మాట్లాడారు.

తిరుగు ఆటోలో దానం చేతులు జోడించాడు. "నీ మనసు వెన్నే రాహేలూ."

"నా మొహం. నాకోసం చుట్ట మానేసేరని అందరిముందూ మిమ్మల్ని పొగుడుదావనుకున్నాను. బస్సులో వాడి మాట కూడా నమ్మేనండి."

"మరి... కోపం రాలేదా? నుదురు..."

"ఆ సూదులకి నుదురు కదలదండి. మళ్ళీ కదలడానికి మూడు నెలలు పడుతుందని డాక్టరు గారు చెప్తుంటే మీరెక్కడున్నారు?"

దానం జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"నుదురు కదలనివ్వండి. అప్పుడు చెప్తాను మీ సంగతి."

సోమవారం పొద్దున్నే దానం కాకినాడ ఆస్పత్రికి ఫోన్ చేసి, రెండో విడత సూదులు ఒక్కరోజు కూడా ఆలస్యం కాకూడదని గట్టిగా చెప్పాడు.