షూటింగు కోసం బాగుపడ్డ లిఫ్టు

సిటీ రైళ్లలో ప్రయాణికులను ఎక్కించుకోవడం ఇక మానేయాలి. ఉన్న రైళ్లన్నీ సినిమా షూటింగులకూ, ఫొటో షూట్లకూ ఇచ్చేయాలి. ఇది ఆవేశంలో అంటున్న మాట కాదు. పంతొమ్మిదేళ్లుగా రోజూ రైలెక్కి ఆఫీసుకెళ్తున్న మనిషిని, నిలబడి నిలబడి ఆలోచించి చెబుతున్నాను.

షూటింగుల వల్ల స్టేషన్లలో ఇబ్బందిగా ఉందని మీలో కొందరు గొణుక్కుంటున్నారట. ఎవరో పెళ్లికొడుకు తలుపుకి కాలు అడ్డం పెట్టి, కాబోయే భార్యను ఎత్తుకుని గిరగిరా తిప్పాడనీ, దాంతో రైలు నాలుగు నిమిషాలు ఆగిపోయిందనీ ఒకటే ఏడుపు. ఆగితే ఏమైందండీ? మామూలు రోజుల్లో అదే రైలు ఏ కారణమూ లేకుండా ఆగదూ? ఈసారి కనీసం ఒక జంట సంతోషం కోసం ఆగింది. మరీ ఇంత చిన్న మనసులైతే ఎలా?

నా సంగతే చూడండి. ఇంట్లో నా ఫొటో అంటూ ఉన్నది ఆఫీసు గుర్తింపు కార్డు మీద ఒక్కటే. అలాంటిది ఈ పాటికి ముక్కూ మొహం తెలియని పదకొండు జంటల ఆల్బముల్లో నేనున్నాను. వెనకాల, కాస్త మసకగా, టిఫిన్ డబ్బా పట్టుకుని, మొహం చిట్లించుకుని. రేపు వాళ్ల మనవలు ఆ ఆల్బం తిరగేస్తూ, ఈ తాతయ్య ఎవరని అడక్కుండా ఉంటారా?

పైగా షూటింగున్న రోజు మన స్టేషను ఎప్పుడైనా కళ్లారా చూశారా! నేల తళతళలాడుతుంది. గోడ గడియారం సరైన టైము చూపిస్తుంది. కుళాయిలో నీళ్లొస్తాయి. రైలు పిలవగానే వస్తుంది, డైరెక్టరుకి నచ్చకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ వస్తుంది. మనం ఎంత పిలిచినా రాని రైలు, ఆయన కోసం ఒక్క పూటలో తొమ్మిదిసార్లు వచ్చింది. నేను లెక్కపెట్టాను. ఎక్కనివ్వలేదు కాబట్టి వేరే పనేం లేదు.

ఆ రోజే నాకు జ్ఞానోదయమైంది. బెంచీ మీద నా మానాన నేను కూర్చుని ఉంటే, వాకీటాకీ పట్టుకున్న అసిస్టెంట్ డైరెక్టరు ఒకాయన వచ్చి ఎంతో మర్యాదగా అన్నాడు: "సార్, మీరు కాస్త లేస్తారా? ఇక్కడ ప్యాసింజర్లు కూర్చోవాలి."

"నేనూ ప్యాసింజర్నే కదండీ" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఏమీ అనుకోకండి సార్. మీరు అలా కనిపించట్లేదు."

లేచాను. నా స్థానంలోకి వచ్చిన ప్యాసింజర్లను చూశాను. ఇస్త్రీ చొక్కాలు, చేతిలో పుస్తకాలు, పెదాల మీద చిరునవ్వు. ఒక్కరి మొహానా చెమట లేదు. ఇన్నేళ్లుగా ప్రయాణికుడినని చెప్పుకుని తిరుగుతున్నందుకు నాకే సిగ్గేసింది.

ఇంత చెప్పినా మీకు నమ్మకం కుదరకపోతే మా అక్క సంగతి వినండి.

మా అక్క స్కూలు యూనిఫాంలు కుట్టే చోట కటింగ్ మాస్టరు. నలభై పొరల గుడ్డని ఒక్క గీత తేడా రాకుండా కోస్తుంది. ఆవిడ చెయ్యి అంత గట్టిది, మోకాలే మొండికేసింది. మా స్టేషను ప్లాట్‌ఫామ్ పైన ఉంటుంది. మెట్లు డెబ్బై ఎనిమిది. లిఫ్టు ఉంది. దాని మీద "మరమ్మతులో ఉంది" అనే బోర్డు కూడా ఉంది. రెండేళ్లలో ఆ బోర్డు రెండుసార్లు వెలిసిపోతే రెండుసార్లూ కొత్తది పెట్టారు. బాధ్యత లేదని ఎవరైనా అనగలరా?

అక్క పన్నెండు మెట్లకోసారి ఆగి, గోడ పట్టుకుని, మళ్లీ ఎక్కేది. ఈలోపు ఎనిమిదీ పది రైలు వెళ్లిపోయేది. యజమాని చూసీ చూసీ ఒకనాడు తేల్చి చెప్పేశాడు: "మీ పనికి వంక పెట్టలేనమ్మా. కానీ మీరొచ్చేదాకా కుట్టేవాళ్లంతా చేతులు కట్టుకు కూర్చుంటున్నారు. ఈ నెలాఖరు దాకా చూస్తాను. ఆ పైన బల్ల దగ్గర ఇంకొకరిని పెట్టుకోవాల్సి వస్తుంది."

లిఫ్టు గురించి నేను నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగింటికీ జవాబొచ్చింది. నాలుగూ ఒకే జవాబు.

అంతలో దేవుడల్లే సినిమావాళ్లు దిగారు. హీరోయిన్ లిఫ్టులోంచి బయటికి రావాలి, హీరో చూసి బ్యాగు జారవిడవాలి. అదీ సీను. రెండేళ్లుగా దొరకని లిఫ్టు భాగం రెండు రోజుల్లో దొరికింది. మెకానిక్కు వచ్చాడు, బిగించాడు, లోపల అద్దం కూడా పెట్టాడు. షూటింగు పదింటికి గానీ మొదలయ్యేది కాదు. పొద్దున్న అక్క వెళ్లి తలుపు ముందు నిలబడితే ఎవరూ కాదనలేదు.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, ఎక్కానో లేదో పైనున్నానురా. యజమాని కన్నా ముందెళ్లి తాళం కోసం చూస్తూ నిలబడ్డాను" అంది. పెద్దదాని గొంతులో అంత సంతోషం విని ఎన్నాళ్లయిందో. నాకూ కడుపు నిండిపోయింది.

ఇలా ఐదు రోజులు. ఐదో రోజుతో షూటింగు అయిపోయింది. ఆరో రోజు తెల్లవారుతూనే రైల్వే కార్యాలయం నుంచి తనిఖీ అధికారి ఫైలు పట్టుకుని వచ్చాడు. అనుమతి పత్రంలో తొమ్మిదో షరతు ఒకటుందట: షూటింగు పూర్తయ్యాక స్థలాన్ని ముందున్న స్థితిలోనే అప్పగించాలి. ముందున్న స్థితికి రుజువుగా ఫైల్లో ఫొటోలున్నాయి. ఆగిపోయిన లిఫ్టు, వేలాడే బోర్డు, కొట్టుకుంటున్న ట్యూబ్‌లైటు, కాలు విరిగిన బెంచీ.

సినిమా మేనేజరు బతిమాలాడు. "బాగైంది కదా సార్, ఉండనివ్వండి. మేమేం పట్టుకుపోం."

"బాగైందా లేదా అన్నది నా ఫైల్లో లేదండీ. ముందున్నట్టు ఉందా లేదా అన్నదే ఉంది" అన్నాడు అధికారి. తప్పుగా ఏమన్నాడు? రూలు రూలే కదా!

ఇక చూడాలి ఆ పనితనం! మెకానిక్కు లిఫ్టు భాగం ఊడదీశాడు. ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్లు బెంచీ కాలు మళ్లీ విరిచారు. బోర్డు పాతది ఎక్కడో పోయిందని కొత్తది రాసి, అక్షరాలు గీకి, తుప్పు రంగు పూశారు. అధికారి ఫొటోని పక్కన పెట్టుకుని చూసి, "కొంచెం ఎడమకి వంగి ఉండాలి" అన్నాడు. వంచారు. ట్యూబ్‌లైటు ఫొటోలో ఉన్నట్టు కొట్టుకోవడం లేదని దాన్ని మాత్రం మూడుసార్లు మార్పించాడు.

సరిగ్గా అప్పుడే సంచీ భుజాన వేసుకుని అక్క వచ్చింది. "మళ్లీ పాడైందా అండీ?" అని మెకానిక్కుని అడిగింది.

"పాడవలేదమ్మా. పాడు చేయమన్నారు" అన్నాడతను, తల ఎత్తకుండా.

అక్క సంచీ సర్దుకుని మెట్ల వైపు తిరిగిందట. ఆ రోజు గంట ఆలస్యం.

నేను కార్యాలయానికి పరిగెత్తాను. ఫిర్యాదుల కిటికీ మూసి ఉంది. పక్కనే షూటింగుల విభాగం మాత్రం బార్లా తెరిచి ఉంది. అక్కడి అధికారి కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు, "ఏ సినిమా సార్?" అన్నాడు.

"సినిమా కాదండీ. లిఫ్టు బాగు చేయించాలి."

ఆయన మొహంలో వెలుగు పోయింది. "అది ప్రయాణికుల విభాగం కదండీ. ఇక్కడ షూటింగులకే."

ఒళ్లు మండిపోయింది. కానీ ఆయన మీద కాదు, నా తెలివితక్కువతనం మీద. ఇన్నాళ్లూ తప్పు కాగితం మీద రాశాను. వెంటనే షూటింగు ఫారం అడిగి నింపాను. కథ: ఒక మధ్యవయస్కురాలు లిఫ్టెక్కి పనికి వెళ్తుంది. సమయం: రోజూ ఎనిమిదింటికి. నటి: మా అక్క. కెమెరా: నా ఫోను. కావలసిన సామగ్రి: పనిచేసే లిఫ్టు ఒకటి.

మర్నాటికల్లా అనుమతి! ఆరు రోజులకు. ఊడదీసిన భాగం మళ్లీ బిగించారు, లిఫ్టు కదిలింది.

ఐదు రోజులుగా మా షూటింగు బ్రహ్మాండంగా సాగుతోంది. నేను ఫోను పట్టుకుని "యాక్షన్" అంటాను, అక్క ఎక్కుతుంది. మొదటి రోజు సిగ్గుపడింది గానీ, ఇప్పుడు నన్నే "ఆ ఫోను తిన్నగా పట్టుకోరా" అని కసురుతోంది. రెండో రోజు చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "బాబూ, నాకేమైనా వేషం ఇప్పిస్తావా?" అని అడిగాడు. ఇచ్చాను. నిన్నటికి నా సినిమాలో పసిబిడ్డను ఎత్తుకున్న తల్లి, కాలికి కట్టుతో ఒక లెక్కల మాస్టారు, ఆయాసంతో ఒక రిటైర్డ్ కంపౌండరు చేరారు. అందరూ టికెట్టు కొనుక్కునే నటిస్తున్నారు.

ఈ రోజుతో అనుమతి అయిపోతుంది. పొడిగించమని అడిగితే, మొదటి సినిమా విడుదలైతే గానీ రెండోదానికి ఇవ్వడం కుదరదన్నారు. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. సోమవారం నుంచి మా అక్క మళ్లీ ఉత్త ప్రయాణికురాలు.

కాబట్టి సినిమా తీసే ఉద్దేశం మీలో ఎవరికున్నా సరే, ఈ ముక్క చెవిన వేసుకోండి. కథ ఏదైనా ఫర్వాలేదు, అసలు లేకపోయినా ఫర్వాలేదు. మా స్టేషనులో లిఫ్టు సీను ఒకటి పెట్టండి చాలు. మా అక్క డేట్లు అన్నీ ఖాళీగానే ఉన్నాయి. ఆవిడ షరతు ఒక్కటే: రిటైరయ్యేదాకా ఆ సీను ఓకే చేయకూడదు.