పూర్తిగా లోబడిన గేటు ప్రోగ్రాము

ప్రమాణానికి లోబడని ప్రోగ్రాము ప్రజలకు ప్రమాదమని పెద్దాఫీసు ప్రకటించింది. కాలువ గేటు దగ్గర ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఆ ప్రమాదం ఎప్పుడూ నా కంటపడలేదు. పెద్దగా చదువుకోనందువల్ల కాబోలు.

మా గేటును ఇంజనీరమ్మ రాసిన ప్రోగ్రాము ఎత్తుతుంది, దించుతుంది. రెండేళ్ళలో ఒక్కసారీ పొరపాటు లేదు. దాన్ని తనిఖీ చేయడానికి ఒక అధికారి వచ్చాడు. చంకలో ఆ ప్రోగ్రాము రాసిన కంప్యూటరు భాషకు ప్రమాణ గ్రంథం, దిండంత. వచ్చీ రాగానే గేటు దించేయించి, గేటును చేత్తో ఎత్తి దించే చక్రానికి సీలు వేయించాడు.

లోబడటంలో రెండు రకాలున్నాయట. రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చే కంపైలర్లలో, ప్రమాణం పాటించేది ఏదో ఒకటి ఒప్పుకుంటే చాలు, ప్రోగ్రాము లోబడినట్టే. ఇది మొదటి రకం. పుస్తకంలో ఉన్నవి తప్ప మరేదీ వాడకుండా, ఏ యంత్రం మీదైనా ఒకే ఫలితం ఇస్తే పూర్తిగా లోబడినట్టు. మాది మొదటి రకం. ఆయనకు రెండోదే కావాలి.

"ఇందులో గేటు అన్న మాట ఎక్కడుందో చూపించమ్మా," అన్నాడు.

"అది భాషకు రాసిన పుస్తకం సార్. గేటు సంగతి అందులో ఎందుకుంటుంది?"

"మరి లేనిదాన్ని ఎందుకు ముట్టుకున్నావు?"

ఇంజనీరమ్మ గేటును ముట్టుకునే లైన్లన్నీ తీసేసింది. నీటిమట్టం చదివేవీ పోయాయి. చివరికి ప్రోగ్రాము మొదలవుతుంది, ముగుస్తుంది. అంతే. మూడు రకాల యంత్రాల మీద నడిపించి చూశాడు. మూడింటి మీదా ఒక్కలాగే ఏమీ జరగలేదు. ఆయన కళ్ళు చెమర్చాయి. ధ్రువపత్రం మీద సంతకం చేసి, గోడకు తానే మేకు కొట్టి తగిలించాడు.

దిగువన మా చెల్లెలి పొలం. నాలుగు రోజుల్లో తడి అందకపోతే పైరును పశువులకు కోసి వేయాల్సిందే. మూడో రోజు చెల్లెలే ఆఫీసుకు వచ్చింది. అధికారి ఓపిగ్గా ధ్రువపత్రం చూపించాడు.

"నాకు చదవడం రాదయ్యా. ఓసారి ఇప్పించండి, పొలానికి చూపిస్తాను," అంది.

నాలుగో రోజు పొద్దున్నే అధికారి తలనిండా సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆఫీసర్ల ఇళ్ళ ట్యాంకు నిండేదీ ఈ కాలువతోనే.

"పాత ప్రోగ్రాము ఉంచావా అమ్మా?"

"ఉంచాను సార్. కానీ అది మొదటి రకం."

"మొదటి రకమైతే మాత్రం లోబడినట్టు కాదా? పుస్తకం సరిగ్గా చదవాలి."

కళ్ళలో సబ్బు పడుతున్నా అక్కడే నిలబడి ఆర్డరు రాశాడు. ట్యాంకు నిండేదాకా పాతది వాడవచ్చు. నిండగానే గేటు మూసే పని మాత్రం పూర్తిగా లోబడినదానికే అప్పగించాలి. పొలాల విషయంలో ప్రమాణం సడలించేది లేదు.

ఇంజనీరమ్మ అక్షరం తప్పకుండా అలాగే చేసింది. గేటు లేచింది. ట్యాంకు నిండింది. పాతది తీసి, ధ్రువపత్రం ఉన్నదాన్ని పెట్టింది. అది మొదలైంది, ముగిసింది. గేటు ఎత్తింది ఎత్తినట్టే ఉంది.

మధ్యాహ్నం అధికారి ఫోన్ చేసి, నీళ్ళింకా పోతున్నాయేమని అడిగాడు. కొత్త ప్రోగ్రాములో లోపముందని పెద్దాఫీసుకు రాయమంటారా అని ఇంజనీరమ్మ వినయంగా అడిగింది.



"లోపమేమిటి? దాని మీద నా సంతకముంది," అన్నాడు.

అప్పటికి చెల్లెలి పొలంలో నీళ్ళు మడమ దాటాయి.