కోడి బుగ్గ మీద నల్లచుక్క

"సీతా, ఈ భాగ్యనగరంలో నేరస్థులు ఇద్దరంటే ఇద్దరికే భయపడతారు. ఒకరు పోలీసులు. రెండోవారి పేరు నా నోటితో నేను చెప్పుకుంటే బాగుండదు."

అలా ప్రకటించి భానుమూర్తి కిటికీలోంచి వనస్థలిపురం మీదికి ఓ తీక్షణమైన చూపు విసిరాడు. ఆ సమయానికి కిటికీ కింద నేరాలేవీ జరగడం లేదు. కొబ్బరిబోండాల బండి ఒకటి నిలబడి ఉందంతే. సీతామహాలక్ష్మి దోసె తిరగేస్తూ, ఆ రెండోవారు రాత్రి పాలప్యాకెట్లు ఫ్రిజ్‌లో పెట్టారా అని అడిగింది. పెట్టలేదు. పాలు విరిగిపోయి ఉన్నాయి.

బీమా కంపెనీలో ముందస్తు రిటైర్మెంట్ పుచ్చుకున్న మర్నాడే భానుమూర్తి గేటుకి బోర్డు తగిలించాడు: 'బి. మూర్తి, ప్రైవేట్ డిటెక్టివ్. రహస్యమే మా ఊపిరి.' ఇప్పటిదాకా ఛేదించింది ఒక్కటే కేసు. పై అంతస్తువాళ్ల డోర్‌మ్యాట్ మాయమైతే ఊరంతా గాలించి, చివరికి దాన్ని తమ ఇంటి మంచం కిందే పట్టుకున్నాడు. పాదముద్రలు పరిశీలించడానికని అంతకుముందే దాన్ని అక్కడికి తెచ్చింది ఆయనే. ఆ సంగతి బయటికి పొక్కకుండా సీతామహాలక్ష్మి డోర్‌మ్యాట్ ఉతికి మరీ పైకి పంపింది.

ఆ రోజు ఆయన చేతిలో పేపర్లోని నగర వార్తల జోన్ పేజీ ఉంది. శీర్షిక పైకి చదివాడు. "కోడి ముఖంపై మళ్లీ నల్లమచ్చ."

సీతామహాలక్ష్మి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. దోసె మాడింది.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల పక్కన, రోడ్డువారగా ఒక కోడిపుంజు ఉంది. కార్పొరేషన్‌వాళ్లు పెట్టించిన బొమ్మ. ఏనుగంత ఉంటుంది. పాత బస్సుల రేకులు కత్తిరించి ఈకలు చేశారు. మెడ కిందికి వంచి గింజలు ఏరుకుంటున్నట్టు నిలబడి ఉంటుంది కాబట్టి తల మాత్రం మనిషి చేతికి అందుతుంది. పెట్టిన కొత్తలో జనం అది చికెన్ సెంటర్ ప్రకటన అనుకున్నారు. తర్వాత అలవాటు పడిపోయి బస్సుల్లోనూ ఆటోల్లోనూ 'కోడి కాడ దిగాలె' అనడం మొదలుపెట్టారు.

సీతామహాలక్ష్మి అక్కడికి దగ్గర్లో చీరల దుకాణంలో బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చుంటుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆవిడకి కనిపించేవి చీరలు కావు, చీరల మీది చీటీలు. మడత విప్పి రంగు చూసే తీరిక కొనేవాళ్లకే గాని ఆవిడకి లేదు. అందుకే డ్యూటీ దిగాక బస్సెక్కబోయే ముందు కోడి దగ్గర కాసేపు ఆగుతుంది. హారన్లూ, కోచింగ్ పిల్లల గుంపులూ, పానీపూరీ బండ్ల చుట్టూ తోపులాటా, అన్నిటి మధ్యా నిలబడి ఈకలు ఒక్కొక్కటే చూసుకుంటుంది. తోకలో మొదటిది రాణీ రంగు. పక్కది నెమలికంఠం. తర్వాత చిలకపచ్చ, ఆవాలపువ్వు పసుపు, వంగపండు. సాయంత్రం ఎండ రెక్క మీద పడితే ఆవిడకి ఎవరో చీర విప్పి ఒళ్లో పరిచినట్టుంటుంది. రోజు మొత్తంలో ఎవరికోసమూ కాకుండా ఆవిడ తన కోసం ఉంచుకున్నది ఆ కాసేపే.

అంత అందంగా ఉంటే ఊరి కళ్లు ఊరుకుంటాయా? పెట్టిన నెల్లోనే ఆటో గుద్ది కాలి వేలు విరిగింది. తర్వాత కేబుల్ తీగ తెగి జుట్టు మీద పడింది. ఆ తర్వాత ఎవరో మహానుభావుడు కడుపు మీద హాస్టల్ పోస్టరు అంటించాడు. ఇంక సందేహం లేదని సీతామహాలక్ష్మి తేల్చుకుంది. అది దిష్టే. ఆ సాయంత్రమే హ్యాండ్‌బ్యాగులోంచి కాటుక భరిణె తీసి, ఉంగరపు వేలితో కోడి బుగ్గ మీద చుక్క పెట్టింది. ఇంట్లో దీపానికి పళ్లెం పట్టి, ఆముదంతో మెదిపిన అసలు కాటుక. చిన్నప్పుడు తలుపు సందులో పడి ఆవిడ వేలి చివర కాస్త వంకరపోయింది, అందుకని ఆవిడ పెట్టే చుక్కకి ఎప్పుడూ ఎడమవైపు చిన్న తోక ఉంటుంది. చుక్క ఉన్నన్నాళ్లూ కోడికి ఈగ వాలలేదు. కార్పొరేషన్‌వాళ్లు తుడిచేవారు, ఆవిడ మళ్లీ పెట్టేది.

ఇప్పుడు పేపర్లో ఏముందంటే, బొమ్మని ఇలా ఎవరో పాడుచేస్తూ పోతే శనివారం నాడు క్రేన్ తెచ్చి దాన్ని ఎత్తించి, ఎల్బీనగర్ అవతల గోదాములో పెట్టించేస్తామని సర్కిల్ అధికారి వెంకట్రావు అన్నారట. గోదాములోకి వెళ్లిన వస్తువు మళ్లీ వెలుగు చూడదని సీతామహాలక్ష్మికి తెలుసు. చుక్క పెడితే కోడి గోదాముకి పోతుంది, పెట్టకపోతే ఏ బస్సు కిందో పడుతుంది. ఆవిడ మాడిన దోసె తీసి పక్కన పడేసింది.

భానుమూర్తికి మాటలు కరువు లేవు. ఇది అంతర్జాతీయ విగ్రహాల ముఠా పని అన్నాడు. ఎత్తుకెళ్లదలచిన సరుకు మీద ముందుగా గుర్తు పెట్టుకోవడం వాళ్ల పద్ధతి అన్నాడు. ఏనుగంత కోడిని ఎవరు, ఎందులో, ఎక్కడికి ఎత్తుకెళతారని ఆవిడ అడిగితే, సామాన్యులు ఎప్పుడూ ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతారని జాలిపడ్డాడు.

రాత్రి భోజనాల దగ్గర ఆవిడ ధైర్యం చేసింది. "ఏవండీ, ఆ చుక్క పెట్టింది నేనే."

భానుమూర్తి ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆపాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకు తెలుసు సీతా. నన్ను ఆ ముఠా నుంచి తప్పించాలని నేరం నీ నెత్తిన వేసుకుంటున్నావు. ప్రతి గొప్ప డిటెక్టివ్ ఇంట్లోనూ ఇలాంటి ఇల్లాలు ఉంటుంది. కానీ నేను వెనకడుగు వేయను."

ఆవిడ భరిణె తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని పక్కకి జరిపి మజ్జిగ అందుకున్నాడు.

మర్నాటి నుంచి పరిశోధన జోరందుకుంది. మచ్చని ఫోటో తీసి గోడంత చార్టు మీద ప్రింటు వేయించాడు. దాని తోకని బట్టి నేరస్థుడు ఆరడుగుల ఎత్తు, ఎడమచేతి వాటం, విదేశాల్లో శిక్షణ పొందినవాడు అని నిర్ధారించాడు. మచ్చ నమూనాని దూదితో తీసి వాసన చూసి, మన దేశంలో దొరకని రసాయనం అన్నాడు. ఆముదం వాసన ఇల్లంతా ఉంది, వంటింటి గూట్లోంచి రోజూ వస్తూనే ఉంది. ఆయన తల తుడుచుకునే తువ్వాలుకి కూడా ఎప్పుడూ కాస్త నలుపు అంటి ఉంటుంది. దాన్ని ఆయన హైదరాబాద్ కాలుష్యం ఖాతాలో రాసేశాడు.

శుక్రవారం సాయంత్రం జామకాయలమ్మేవాడి వేషంలో కోడి దగ్గర కాపు వేశాడు. తలకి తువ్వాలు చుట్టుకున్నాడు, కానీ ఇస్త్రీ ప్యాంటు, బూట్లు మార్చుకోవడం మర్చిపోయాడు. వీధిలో ఎదురింట్లో ఉండే గోపయ్య, దేవరకొండ నుంచి వచ్చి ఆటో నడుపుకునేవాడు, ఆయన్ని అక్కడ దింపి, జామకాయలు కిలో ఎట్ల ఇస్తున్నరు సారూ అని అడిగి మరీ వెళ్లాడు.

అంతలో యూనిఫాం వేసుకున్న మనిషొకడు కోడి బుగ్గకి చెయ్యి ఆనించాడు. చేతిలో నల్లటి గుడ్డ ఉంది. భానుమూర్తి ఒక్క దూకు దూకి అతని కాలరు పట్టుకున్నాడు. జామకాయలు మెట్రో మెట్ల దాకా దొర్లాయి.

"నేను తుడుస్తున్న సార్, పెడ్తలేను," అన్నాడు అతను నిదానంగా. కార్పొరేషన్‌లో పనిచేసే జగన్. మీర్‌పేట్ నుంచి వస్తాడు. "రోజు నాకిదే పని. పెట్టెటోడు దొరికితె జర నాక్కూడ చెప్పున్రి."

నేరస్థులు మొదట ఇలాగే అంటారని భానుమూర్తి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. చుట్టూ జనం మూగారు. సరిగ్గా అప్పుడే సీతామహాలక్ష్మి డ్యూటీ దిగి వచ్చింది. ఇవాళ చుక్క పెట్టకూడదని ఒట్టేసుకునే వచ్చింది. కానీ పొద్దున ఏదో బస్సు అద్దం గీరుకుని రాణీ రంగు ఈక సగం వంగిపోయి ఉంది. ఆవిడ ప్రాణం ఒప్పలేదు. జనమంతా ఆయన బూట్ల వంక చూస్తుంటే, భర్త వీపు వెనకే నిలబడి, ఆయన 'నా కళ్లుగప్పడం ఎవరి తరమూ కాదు' అంటుండగా, చుక్క పెట్టేసి బస్సెక్కింది.

శనివారం పొద్దున భానుమూర్తి కొత్త చొక్కా వేసుకుని చార్టు చంకలో పెట్టుకున్నాడు. ఎవరూ పిలవకపోయినా కేసు గుట్టు విప్పడానికి బయల్దేరాడు. గుమ్మం దగ్గర సీతామహాలక్ష్మి ఎప్పటిలాగే ఆయన కాలరు సర్దింది. సర్దుతూ సర్దుతూ ఎప్పటిలాగే చెవి వెనక వేలు తాకించింది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన గడప దాటే ప్రతిరోజూ అది జరుగుతూనే ఉంది. తర్వాత దుకాణానికి ఇవాళ రానని ఫోన్ చేసి, తనూ గోపయ్య ఆటోలో ఎక్కింది.

కోడి దగ్గర క్రేన్ అప్పటికే వచ్చి సగం రోడ్డు ఆక్రమించింది. వెనక బస్సులు హారన్లు మోగిస్తున్నాయి. కోడి మెడకి ఇనుప గొలుసు తగిలిస్తున్నారు. దాన్ని చూసేసరికి సీతామహాలక్ష్మి హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి కాటుక భరిణె పట్టుకుంది. వెంకట్రావు గొడుగు కింద నిలబడి ఉన్నాడు. పక్కన కోడిని తయారుచేసిన శిల్పి మృదుల, మన్సూరాబాద్ అమ్మాయి, ఎవరి ముఖమూ చూడకుండా చేతులు కట్టుకుని ఉంది.

భానుమూర్తి చార్టు విప్పి గోపయ్య చేతికిచ్చి, క్రేన్ అరుగు మీదికెక్కాడు. తోక సంగతి, ఎడమచేతి వాటం, విదేశీ రసాయనం, అన్నీ వివరించాడు. చివరికి, "ఆ గుర్తు ఎంత స్పష్టంగా ఉందో మీరే చూడండి," అంటూ జనానికి వీపు పెట్టి కోడి బుగ్గ వైపు చెయ్యి చాపాడు.

గోపయ్య చార్టు వంక చూశాడు. కోడి వంక చూశాడు. భానుమూర్తి వంక చూశాడు.

"సారూ, జర గట్లనే ఆగున్రి. గా మచ్చ మీ చెవెనుక గూడ ఉంది. తోకతోని సహా."

ఇంకో పక్క నుంచి ఎవరో ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసి చూపించారు. అవును, అదే చుక్క, అదే తోక. భానుమూర్తి చెవి వెనక తడుముకున్నాడు. వేలికి నలుపు అంటింది.

"నేను అనుకున్నంతా అయింది," అన్నాడు. "కోడి తర్వాత వాళ్లు ఎత్తుకెళ్లబోయేది నన్నే."

మిమ్మల్ని ఎత్తుకపోయి ఏం జేస్కుంటరు సారూ అని గోపయ్య నిజంగానే అడిగాడు. మచ్చ పెట్టేదీ మీరే, పట్టుకునేదీ మీరేనా అని వెంకట్రావు అన్నాడు. జనం విరగబడి నవ్వారు. భానుమూర్తి వేలినీ, జనాన్నీ మార్చి మార్చి చూస్తూ క్రేన్ మీద ఒంటరిగా నిలబడ్డాడు. ఆ ముఖం చూసి సీతామహాలక్ష్మికి జాలేసింది, నవ్వేవాళ్ల మీద ఒళ్లు మండింది. ఇంట్లో ఎంత విసుక్కున్నా, రోడ్డు మీద ఆయన్ని చూసి నవ్వితే ఆవిడ ఊరుకునే రకం కాదు.

ఆవిడ జనాన్ని తోసుకుని ముందుకొచ్చి భరిణె మూత తీసింది.

"ముఠా లేదు, ఏమీ లేదు. ఆ రెండు చుక్కలూ నేనే పెట్టాను. ఇంతమంది కళ్లు పడుతుంటే కోడికి దిష్టి తగులుతోందని పెట్టాను. ఇది మా ఆముదం కాటుక, తుడిస్తే పోతుంది. కావాలంటే నా మీద కేసు రాసుకోండి, దాన్ని మాత్రం గోదాములో పడేయకండి."

ప్రభుత్వ ఆస్తి మీద మచ్చలు పెట్టుడు తప్పు గాదా అమ్మా అని వెంకట్రావు మొదలుపెట్టాడు. మృదుల చేతులు విప్పి ముందుకొచ్చింది. కోడి బుగ్గ మీది చుక్కని దగ్గరగా చూసింది.

"ఆంటీ, ఈ బొమ్మ పెట్టిన కాన్నుంచి దీనితోని ఫోటోలు దిగెటోళ్లను చూసిన. పోస్టర్లు అంటించెటోళ్లను చూసిన. దీనికి దిష్టి తగుల్తదని పరేషాన్ అయిన మనిషిని ఇయ్యాలనే చూస్తున్న." ఆమె అధికారి వైపు తిరిగి, బొమ్మ తనదనీ, అది మచ్చ కాదనీ, బొమ్మలో భాగమేననీ, కాయితం మీద రాసిస్తాననీ చెప్పింది.

వెనక ట్రాఫిక్ ఎల్బీనగర్ దాకా ఆగిపోయిందని కబురు వచ్చింది. వెంకట్రావుకి అంతకంటే మంచి సాకు దొరకలేదు. గొలుసు విప్పించి క్రేన్‌ని పంపేశాడు. ఇకమీదట బుగ్గ వదిలేసి మిగతా ఒళ్లు తుడవమని జగన్‌కి చెప్పాడు. చెరిగిపోకుండా నల్లరంగు వేస్తానని మృదుల అంటే సీతామహాలక్ష్మి ఒప్పుకోలేదు. దిష్టిచుక్క ఎప్పటికప్పుడు కావలసినవాళ్లు చేత్తో పెట్టాలంది.

తిరుగు ప్రయాణంలో భానుమూర్తి చార్టు చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. చింతలకుంట దాటాక మెల్లిగా అడిగాడు. "కోడికంటే సరే. అందంగా ఉంది. నాకెందుకు సీతా?"

ఆవిడ బయటికి చూస్తూ చెప్పింది. "నా కళ్లకి మీరూ బాగానే ఉంటారు."

గోపయ్య అద్దంలోంచి చూపు తిప్పుకుని రోడ్డు మీద పెట్టాడు.

మర్నాడు పొద్దున భానుమూర్తి మళ్లీ ప్రకటన చేశాడు. నేరస్థురాలెవరో తనకు మొదటినుంచీ తెలుసట. అందుకే ఏళ్ల తరబడి సొంత ఇంట్లోనే నిఘాలో ఉంచాడట. సీతామహాలక్ష్మి దోసె తిరగేస్తూ, పాలప్యాకెట్లు ఫ్రిజ్‌లో పెట్టారా అని అడిగింది. పెట్టాడు.

తర్వాత ఆయన చొక్కా వేసుకుని గుమ్మం దగ్గరికి వెళ్లాడు. ఆవిడ ఇంకా వంటింట్లోనే ఉంది. ఆయన చెప్పుల పట్టీ సర్దుకుంటున్నట్టు నటిస్తూ, గింజలు ఏరుకునే కోడిలా మెడ వంచి, ఆవిడ వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.