పదకొండో షరతు

పాత బోటు మోటారును ఆన్‌లైన్ వేలంలో కొంటే, దానితో పాటు ఇన్నాళ్ళూ దాన్ని నడిపిన మనిషి కూడా వస్తాడు. ఇందులో దాపరికం ఏమీ లేదు, షరతుల్లో పదకొండోది అదే. మోటారు ఒకటి, ఆయిలు ట్యాంకు ఒకటి, లాగుడు తాడు ఒకటి, మనిషి ఒకడు. పాత మోటారన్నాక దానికో మొండితనం ఉంటుంది. అది తెలిసినవాడు పక్కన లేకపోతే కొన్నవాడు నడిసముద్రంలో దిక్కులు చూడాల్సి వస్తుందని, కొనేవాళ్ళ మేలు కోరి పెట్టిన ఏర్పాటు ఇది. వేలం వాళ్ళను మెచ్చుకోవాలి గానీ తప్పు పట్టకూడదు.

శ్రీకాకుళం తీరాన నడిమిపేటలో సూరాడ దానయ్య అనే ఆయనకు ఈ షరతు బాగా తెలుసు. పడుకునే ముందు దేవుడి పేరు తలుచుకునేవాళ్ళు ఉంటారు, దానయ్య రెండు నెలలుగా వేలం షరతులు తలుచుకుంటున్నాడు. కారణం ఉంది. ఆరేళ్ళ కిందట అతని సొంత మోటారు చచ్చిపోయింది. అప్పట్నుంచీ ఏటా ఆగస్టు రాగానే సంచీ సర్దుకుని రెండు రాత్రులు రైల్లో కూర్చుని గుజరాత్‌లోని వేరావల్ పోవడం, అక్కడ ఎవరి బోటులోనో తొమ్మిది నెలలు కూలికి వేటాడడం, వేట నిషేధానికి ఇంటికి రావడం. ఆరేళ్ళలో భార్య ఎర్రమ్మ మొహం చూసిన రోజులు లెక్కేస్తే ఏడాదిన్నరకు మించవు. ఆ చూసిన రోజుల్లో సగం ఆవిడ కోపంగా ఉంది.

ఈ యేడు ఎర్రమ్మ తేల్చేసింది. "నువ్వు మల్లీ ఆ వేరావల్ ఎల్లినావంటే, వొచ్చినాక ఈ గుమ్మం ఎక్కొద్దు. గెంజి తాగినా ఇద్దరం ఇక్కడే తాగుదుం."

"నాకేటి సరదానా?" అన్నాడు దానయ్య. "మోటారొకటి దొరికితే నానెక్కడికీ ఎల్లను."

అలా ఇద్దరూ ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నారు. వేలం పేజీలో ఒక్కో మోటారుకు ఆరు ఫొటోలు. మోటారు ముందు నుంచి, వెనక నుంచి, పంకా దగ్గర్నుంచి. తర్వాత మనిషి ముందు నుంచి, పక్క నుంచి, చివరిది అరచేతులు. అనుభవం ఉన్నవాళ్ళు మోటారు ఫొటోలు దాటేసి నేరుగా ఆరోదానికి పోతారు. దానయ్య ఒక బాపట్ల వైపు మోటారు దగ్గర ఆగాడు. అరచేతుల ఫొటో పెద్దది చేసి చూశాడు. చూపుడు వేలి కింద తాడు లాగిన కాయ నున్నగా మెరుస్తోంది. కింద వివరం: "వాడినది. పని చేస్తుంది. ఎడమ మోకాలు కొద్దిగా శబ్దం, పనికి అడ్డం కాదు." ఇది మోటారు గురించి కాదని వేరే చెప్పక్కర్లేదు.

వేలం రోజున పొద్దున్నే పాట మొదలైంది. మిగతావాళ్ళు ఒంటిగంటకల్లా తప్పుకున్నారు గానీ, ఏడో నంబరు పాటదారు మాత్రం జిగురులా అంటుకున్నాడు. దానయ్య వెయ్యి పెంచితే ఏడో నంబరు యాభై పెంచుతాడు. మళ్ళీ వెయ్యి, మళ్ళీ యాభై. మూడు నిమిషాలు ఎవరూ పెంచకపోతే పాట ముగిసినట్టు. ఏడో నంబరు రెండు నిమిషాల యాభై సెకండ్ల దాకా ఊపిరి బిగబట్టి, అప్పుడు యాభై వేసేవాడు. దానయ్యకు ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళ వేరావల్ కష్టం ఆ ఫోనులో పోస్తూ పోయాడు. సాయంత్రం నాలుగింటికి ఏడో నంబరు నోరు మూతపడింది. మోటారు దానయ్యదైంది, ఎర్రమ్మ వీధిలోకి పోయి నలుగురికీ చెప్పొచ్చింది.

పదో రోజున పార్సిలు లారీ వచ్చింది. చెక్కపెట్టె మీద ఒక చీటీ, పెట్టె పక్కన కూర్చున్న మనిషి చొక్కా జేబు మీద అదే నంబరుతో ఇంకో చీటీ. యాభై ఆరేళ్ళుంటాయి, పేరు నాగూరు. దిగి ఒళ్ళు విరుచుకుని, "మంచినీళ్ళుంటే ఇయ్యమ్మా చెల్లెమ్మా," అన్నాడు. అంతే, ఎర్రమ్మకు అన్నయ్య అయిపోయాడు. ఆ లెక్కన దానయ్యకు బావ. లారీ అతను రెంటికీ కలిపి ఒకే సంతకం పెట్టించుకుని పోయాడు.

నాగూరు లేకపోతే ఆ మోటారు దండగే. తాడు రెండుసార్లు లాగి ఆగాలి, ఎడమ పక్కన అరచేత్తో ఒక్కటివ్వాలి, "లెగవే ముసలిదానా, చాల్లే నీ పడక," అనాలి, అప్పుడు మూడోసారి లాగాలి. దానయ్య కూడా అచ్చం అలాగే చేసి చూశాడు, లేవలేదు. నాగూరు చేస్తే లేచింది. దానయ్య ఎంత సంతోషపడ్డాడంటే, ఇసకలో చతికిలబడి నవ్వాడు.

ఆ రాత్రి కవళ్ళ చేపల పులుసు పెట్టుకుని ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. దానయ్య వేలం కథ మొదలెట్టాడు. "బావా, ఎవడో ఏడో నంబరు గాడు. పిసినారంటే ఆడే పిసినారి. యాబై, యాబై, యాబై. మూతి మీద మీసం ఉన్నోడెవడైనా అలగ పాడతాడేటి?"

నాగూరు ముద్ద కలుపుతూ తలెత్తాడు. "ఎన్నింటిదాకా పాడారు బావా?" అని అడిగాడు.

"నాలుగ్గంటలదాకా. తినీసినాడు."

"నాలుగింటిదాకానా," అన్నాడు నాగూరు. ఆయన మొహం వెలిగింది. కంచం ముందుకు జరిపి, "ఇంకొంచెం అన్నం పెట్టు చెల్లెమ్మా," అన్నాడు.

వేట మొదలైంది. జూన్ నెలాఖరుకు దానయ్య బోటు పేటలో రెండోదిగా ఒడ్డు చేరేది, కొన్ని రోజులు మొదటిది. ఎర్రమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని నాలుగూళ్ళు తిరిగి అమ్మి మధ్యాహ్నానికి ఇంటికొస్తే, మొగుడు ఇంట్లో ఉండేవాడు. వలకు అతుకులేస్తూ, బీడీ కాలుస్తూ, అక్కర్లేని సలహాలిస్తూ ఉండేవాడు. ఆవిడ రోజూ తిట్టేది. తిట్టడానికి మనిషి ఎదురుగా ఉండడం ఎంత హాయో ఆవిడకు ఆరేళ్ళ తర్వాత తెలిసింది, ఆ మాట ఆవిడే పొరుగువాళ్ళతో అంది.

జూలైలో వానలు పట్టుకున్నాయి. నాగూరు మంచం బయటి పంచలో ఉంది, జల్లు నేరుగా ఆయన కాళ్ళ మీద పడుతోంది. లోపల ఒకే ఒక మూల ఖాళీ ఉండాల్సింది, అక్కడ దానయ్య పాత మోటారు గోనెసంచి కప్పుకుని పడుంది.

"అన్నియ్య తడిసిపోతన్నాడు," అంది ఎర్రమ్మ. "ఆ సచ్చిన మోటారుని ఇంకా ఎందుకేటి దాచడం? తీసి అమ్మీయి."

మాట న్యాయంగా ఉంది. నాగూరు ఒడ్డున వలలు ఆరబెడుతున్న పూట చూసుకుని దానయ్య ఫోను తీశాడు. మోటారుకు మూడు ఫొటోలు తీశాడు. "పని చెయ్యదు," అని నిజాయితీగా రాశాడు. ఇంకా మూడు ఫొటోలు కావాలని అడిగితే, అతను తీసేలోపే పేజీ తనంతట తానే మత్స్యకార గుర్తింపు కార్డు నుంచి తెచ్చుకుని పెట్టేసుకుంది. ఎంత సులువు చేశారో అనుకుని దానయ్య ఒప్పుకున్నాను అన్నచోట నొక్కాడు.

పావుగంటలో పాట మొదలైంది. చచ్చిన మోటారుకు ఎవరైనా మూడువేలిస్తే గొప్ప. ఇది పన్నెండువేలు దాటింది. దానయ్య ఫోను పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగాడు. "ఒలే ఎర్రమ్మా, మన మోటారులో ఏటుందో గానీ, ఎగబడతన్నారు."

అప్పుడే ఒడ్డు నుంచి వచ్చిన నాగూరు తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. "సామాను జాబితాలో ఏం రాశావు బావా?"

దానయ్య చూశాడు. మోటారు ఒకటి. ట్యాంకు ఒకటి. తాడు ఒకటి. మనిషి ఒకడు, నలభై రెండేళ్ళు, వాడినది, పని చేస్తుంది.

కొనేటప్పుడు పదకొండో షరతును కంఠతా పట్టినవాడు, అమ్మేటప్పుడు దాన్ని తన షరతు అనుకోలేదు. ఈ పొరపాటు దానయ్య ఒక్కడిదే కాదు. "నేనూ అంతే," అన్నాడు నాగూరు. "కొత్తది కొందామని పాతది పెట్టా. లారీ వచ్చి ఎక్కమంటే గానీ తెలవలా."

దానయ్య సహాయ కేంద్రానికి ఫోను చేశాడు. అక్కడి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"ఆ మోటారు నడిపింది మీరే కదండీ?"

"నానేనమ్మా. గానీ ఆ మోటారు సచ్చిపోయింది కదా."

"మనిషి పని చేస్తున్నారు కదండీ. ఉన్నదాన్ని బట్టే పాట వస్తుందండీ."

"నాను ఎల్లనంటే?"

"సామాను తక్కువ పంపినట్టవుతుందండీ. బోటు రిజిస్ట్రేషను రద్దవుతుంది. ఇంకేమైనా సహాయం కావాలాండీ?"

ఇంకేమీ వద్దన్నాడు. ఈలోగా పాటలో ఇద్దరు మిగిలారు. ముందున్నవాడి ఊరు పేరు పక్కనే కనిపిస్తోంది. వేరావల్.

ఎర్రమ్మ ఇల్లంతా ఒకసారి చూసింది. తట్ట కడిగి బోర్లించింది, చెయ్యి తుడుచుకుంది, బియ్యం డబ్బాలోంచి తన చేపల డబ్బు తీసి లెక్కపెట్టింది. నాగూరు మోటారు అమ్మి ఆ డబ్బు కలిపితే ఎలా ఉంటుందని ఒక్క క్షణం ఆమెకు తోచింది. ఆ క్షణం ఆమె నాగూరు వంక చూడలేకపోయింది. అయితే కొన్న ఏడాదిలోపు తిరిగి అమ్మకూడదని తొమ్మిదో షరతు, కాబట్టి ఆ పాపం ఆమెకు అంటలేదు.

"మొగుణ్ణి నాను పాడుకోవొచ్చా?" అని అడిగింది.

"ఎవరైనా పాడుకోవచ్చు చెల్లెమ్మా," అన్నాడు నాగూరు. పక్కన కూర్చుని ఫోనులో ఎక్కడ నొక్కాలో చూపించాడు. "ఎంబడే నొక్కమాక. రెండు నిమిషాల యాభై దాకా ఆగు. అప్పుడు యాభై వెయ్యి. ఎంతసేపు సాగితే అంతసేపు మనదే."

"నీకెలా తెలుసు?" అన్నాడు దానయ్య.

"మా ఆడది అట్టాగే పాడింది," అన్నాడు నాగూరు. "ఏడో నంబరు."

దానయ్యకు పులుసు కంచాల ముందు కూర్చుని తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మీసం మాట కూడా గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు. నాగూరు భుజం తట్టి, "పాట పాటే బావా. నువ్వు కాకపోతే ఇంకోడు," అన్నాడు.

ఎర్రమ్మకు నాలుగో నంబరు వచ్చింది. వేరావల్ మనిషి వెయ్యి వేస్తాడు. ఎర్రమ్మ యాభై వేస్తుంది. మధ్యలో పొయ్యి మీద అన్నం దించొచ్చింది, ఒక గిరాకీని గుమ్మంలోంచే పంపేసింది, మళ్ళీ యాభై వేసింది. వీధిలో ఆడవాళ్ళు నలుగురు చేరారు. చీర కొంగుల్లోంచి, జాకెట్లలోంచి, పోపుల డబ్బాల్లోంచి తలా కాస్తా తెచ్చి పోశారు. వాళ్ళలో ముగ్గురి మొగుళ్ళు ఏటా వేరావల్ పోయేవాళ్ళే. దానయ్య మధ్యలో కూర్చుని తన ధర పెరుగుతుంటే, బాధా గర్వమూ కలిసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. అరచేతులు కనబడకుండా బోర్లించి పెట్టుకున్నాడు.

చివరి యాభై అయిపోయాక ఎర్రమ్మ ఫోను కింద పెట్టింది. ఏడవలేదు. "ఎర్ర సొక్కా సర్దుతాను, అక్కడ సలి," అంది. తర్వాత వంటింట్లోకి పోయి ఏడ్చింది, అందరికీ వినబడింది.

లారీ ఆగస్టు మొదటి వారంలోనే వచ్చింది. వచ్చే తేదీ కూడా ఏటా లాగే కుదిరింది. ఈసారి మాత్రం రైల్లో బాత్రూము పక్కన కూర్చునే బాధ లేదు, ప్రయాణం ఖర్చు కొన్నవాళ్ళదే. చీటీ వంకరగా అంటించారని నాగూరు దాన్ని పీకి, దానయ్య జేబు మీద సరిగ్గా అంటించాడు.

వేరావల్ రేవులో కొన్న మనిషి కాంజీభాయ్ అనే పెద్దాయన. మంచివాడు. దిగగానే టీ ఇప్పించాడు. కాగితం పట్టుకుని మోటారు, ట్యాంకు, తాడు, మనిషి అని నాలుగింటి పక్కనా గీతలు కొట్టుకున్నాడు. మోటారు పెట్టె మేకులు కూడా తీయకుండా షెడ్డులో పెట్టించాడు. అక్కడ అలాంటి పెట్టెలు నలభై దాకా ఉన్నాయి. షెడ్డు బయట నలభై మంది దాకా వరసగా కూర్చుని వలలు అల్లుతున్నారు, సగం మంది తెలుగులోనే జోకులేసుకుంటున్నారు.

"నువ్వు నాకు ఎక్కువకు పడ్డావు," అన్నాడు కాంజీభాయ్ హిందీలో, నవ్వుతూనే. "ఎవడో నాలుగో నంబరు వాడు. యాభై, యాభై, యాభై. అంత పిసినారిని నేను పుట్టాక చూడలేదు."

"ఎన్నింటిదాకా పాడారు సేఠ్?" అన్నాడు దానయ్య, తెలిసినా మళ్ళీ వినాలనిపించి.

"నాలుగూ పదిదాకా."

దానయ్య ఆ పూట అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు. తిన్నాక ఎర్రమ్మకు ఫోను చేసి ఈ ముచ్చట చెప్పాడు.

"పది కాదు, నాలుగూ పన్నెండు," అంది ఎర్రమ్మ. "ఆయనకి గడియారం సూడ్డం రాదేటి?" తర్వాత, నాగూరన్నయ్య లోపలి మూలలోకి మంచం మార్చుకున్నాడనీ, ఇవాళ వంజరాలు పడ్డాయనీ, తను మళ్ళీ బియ్యం డబ్బాలో డబ్బు వేస్తున్నాననీ చెప్పింది. "ఆ సేటు నీ మోటారు మల్లీ ఎప్పుడు అమ్ముతాడో అడుగు."

దానయ్య ఫోను చెవి దగ్గరే పెట్టుకుని వెళ్ళి అడిగాడు. కాంజీభాయ్ దాచకుండా చెప్పాడు.

"నాను పని చేసినన్నాళ్ళూ అమ్మడంట," అన్నాడు దానయ్య. "పాడైపోయినాకే పెడతాడంట."

ఫోనులో డబ్బా మూత పడిన చప్పుడు వినబడింది.

"సరేలే," అంది, గొంతులో కొంచెం ధైర్యం వచ్చి. "అప్పుడు పోటీ ఎవరూ ఉండరు."