చేతులు కనపడేలా పెట్టు

ఆ ఉదయం ఒడెస్సా అనుకున్నదల్లా ఒక్కటే: పిల్లలు కిసుక్కుమనకముందే కండోమ్ పాఠం ముగించేయాలని. మిల్వాకీలో నల్లవాళ్ల పేట బడిలో అలాంటి విషయాలు నోరు విప్పి చెప్పే టీచరు ఆవిడొక్కతే. సంచి కింద పెట్టేలోగా యూనివర్సిటీ పరిశోధకురాలు కర్‌స్టెన్ నవ్వుకుంటూ దిగబడింది.

"శుభవార్త ఒడెస్సా గారూ! మీ పిల్లలందరికీ సెక్స్ గురించి ఇంట్లోనే చెప్పేశారని మా సర్వేలో తేలింది. తెల్లపిల్లల్లో సగం మందికి కూడా చెప్పలేదు! మీ క్లాసు ఇక అక్కర్లేదని ఎత్తేస్తున్నారు."

"మా తల్లులా? కడుపు అనే మాట అనాల్సొస్తే దగ్గుతారమ్మాయ్ వాళ్లు!"

"అంకెలు అబద్ధమాడవు కదండీ."

ఒడెస్సాకు ఒళ్లు మండింది. పోయిన ఏడు ఒక పిల్ల జబ్బు ముదిరాక గానీ తన దగ్గరికి రాలేదు. ఈ క్లాసూ లేకపోతే వీళ్లు ఎవరిని అడుగుతారు? బళ్ల పెద్దాఫీసుకు ఫోన్ చేసి మొత్తుకుంటే వాళ్లు ఇంకా మురిసిపోయారు. నల్ల తల్లిదండ్రులు వచ్చి తెల్ల తల్లిదండ్రులకు ఆ నేర్పు నేర్పాలట! శనివారమే సభ పెట్టేశారు.

చర్చి హాల్లో కర్‌స్టెన్ మైకు చర్చి పెద్ద, ఓ పిల్లాడి తండ్రి, డీకన్ మేబ్రీ చేతికిచ్చింది. "'ఆ విషయం' మీ అబ్బాయికి ఎలా చెప్పారో మాకూ చెప్పండి."

డీకన్ గొంతు సవరించుకున్నాడు. "ముందు కారు పక్కకి ఆపమంటాను. లోపల లైటు వెయ్యమంటాను."

తెల్ల తల్లులు శ్రద్ధగా రాసుకున్నారు.

"రెండు చేతులూ కనపడేలా పెట్టు. ఏది ముట్టుకోవాలన్నా ముందు అడుగు. తొందరపడకు."

"ఎంత బాగా చెప్పారండీ!" అంది ఒకావిడ. "ఏ వయసులో మొదలెట్టారు?"

"ఎనిమిదేళ్లకే."

ఆవిడ చేతిలో పెన్ను జారిపోయింది.

"ఏమన్నా ఎదురు మాట్లాడకు, 'అలాగే సార్' అను అంటాను."

"'సార్' అనాలా?!"

ఒడెస్సా తల పట్టుకుంది. "అమ్మాయ్, సర్వేలో పిల్లల్నీ 'ఆ విషయం' అనే అడిగావా? మా ఇళ్లల్లో 'ఆ విషయం' అంటే, పోలీసు ఆపితే ప్రాణాలతో ఇంటికెలా రావాలో చెప్పడం!"

తెల్ల తల్లులు పెన్నులు దింపేశారు. కర్‌స్టెన్ ముఖం ఎర్రబడింది. "మరి సెక్స్ గురించి, డీకన్ గారూ?"

"ఛ ఛ! చర్చిలో ఆ మాటలేంటి? అది సిస్టర్ ఒడెస్సా పని!"

ఒడెస్సా క్లాసు రద్దు కాకుండా నిలిచింది. కర్‌స్టెన్ ఈసారి 'ఆ విషయం' అనకుండా సెక్స్ అనే మాటే పెట్టి అన్ని బళ్లలో మళ్లీ అడిగింది. తెల్లపిల్లలు చెప్పిన 'అవును' కూడా, నాన్న ఒక పుస్తకం చేతిలో పెట్టి గదిలోంచి పారిపోవడమేనని బయటపడింది. వాళ్ల బళ్లు కూడా ఒడెస్సాకే అంటగట్టారు. తెలుపైనా నలుపైనా తల్లిదండ్రులంతా సమానులేనని పరిశోధన రుజువు చేసింది.