మా ఆవిడ చదివిన ముప్పై రెండు పేజీలు

మా ఆవిడకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద ఆపరేషన్ ఉచితమట. నేను బట్టలు కుట్టి బతికేవాణ్ని, ఆదాయానికి ఢోకా లేదు, తక్కువే. భయమంతా ఇంట్లో ఉన్న ఫ్రిజ్ గురించే. తనిఖీకి వచ్చే ఆఫీసరమ్మ దాన్ని చూసిందంటే బీమా కార్డు గోవిందా!

ఆ ఉదయం మా ఆవిడ నీళ్లకు వెళ్లగానే, నడుమెత్తు ఫ్రిజ్‌కి నెత్తి నుంచి కింది దాకా దుప్పటి కప్పేశాను. ఇంతలో ఆఫీసరమ్మ రానే వచ్చింది.

"ఆ మూల కూర్చున్నదెవరండీ?"

"మా అత్తగారండీ," అనేశాను, నోరు జారి.

సరిగ్గా అప్పుడే ఫ్రిజ్ గుర్రుమంది.

"పాపం, ఆయాసమా? అయినా దరఖాస్తులో ఇద్దరే అని రాశారే! ఆవిడకు పింఛను వస్తుందా?"

నేను దుప్పటి ఇంకాస్త కిందికి లాగాను. బిందెతో లోపలికొచ్చిన మా ఆవిడ దుప్పటి లాగి పారేసింది.

"మా అమ్మ పోయి ఆరేళ్లయిందండీ. ఇది ఫ్రిజ్. దరఖాస్తుతో ఇచ్చిన నిబంధనల పుస్తకంలో పన్నెండో పేజీ చూడండి, ఇంట్లో ఫ్రిజ్ ఉన్నా అభ్యంతరం లేదు."

ఆఫీసరమ్మ పుస్తకం తిప్పింది. అక్షరం పొల్లుపోలేదు. అయినా తల అడ్డంగా ఊపింది. "మీ ఆదాయం పరిమితి దాటిందమ్మా, కొద్దిలో."

నేను దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టాను. మా ఆవిడ మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇరవయ్యో పేజీ. సొంత పని చేసుకునేవాళ్లకు దారం, సూదులు, మిషన్ రిపేరు ఖర్చు తీసేసి లెక్కించాలి. రసీదులివిగో."

ఆఫీసరమ్మ మళ్లీ లెక్క వేసింది. పరిమితిలోపే తేలింది. లేచి నిలబడి మరీ సంతకం చేసింది.

నేను నోరు తెరిచాను. "ఎప్పుడు చదివావే ఇదంతా?"

"మీరు మధ్యాహ్నం గురక పెట్టినప్పుడల్లా. భూతద్దం కింద ఒక్కో అక్షరం కూడబలుక్కుని. మూడు నెలలు పట్టింది."

ముప్పై రెండు పేజీలు! రెండు కళ్లూ నిక్షేపంగా ఉన్న నేను అట్ట మీది బొమ్మ తప్ప ఏమీ చూడలేదు.

ఆఫీసరమ్మ నా వైపు తిరిగింది. "తప్పుడు సమాచారం ఇస్తే ఏమవుతుందో తెలుసాండీ?"

"అది రాసిచ్చిన దానికేనండీ," అంది మా ఆవిడ. "ఈయన ఊరికే వాగారు."

ఆఫీసరమ్మ పగలబడి నవ్వింది.

నెల తిరక్కుండా ఆపరేషన్లు రెండూ అయ్యాయి. చివరి కట్టు విప్పిన రోజు మా ఆవిడ నన్ను తేరిపార చూసింది. నేను దేవత ముందు నిలబడినట్టు నిలబడ్డాను.

"ఏమండీ, ఇంత ముసలాడైపోయారేమిటి?"

"నిన్నటిదాకా కుర్రాణ్నేనే," అన్నాను.