ఏడు గొళ్ళాల ఇల్లు

ఒక పెద్ద అడవిలో గుడ్డు దాచుకోడానికి చోటు లేకుండా పోయింది. పొదలో పెడితే ముంగిస, గడ్డిలో పెడితే పాము. అడవికోడి పోలమ్మ మొగుణ్ణి గద్ద ఎత్తుకుపోయింది. రెండు విడతల గుడ్లూ పోయాయి. ఈసారి పెట్టినవి ఆరు. ఇవీ పోతే ఇక ఈ ఏడాదికి పిల్లల్లేరు. ఏడుస్తూ కూర్చునే రకం కాదు పోలమ్మ. వెళ్ళి ఇల్లు తీసుకుంది.

ఇళ్ళు కట్టేది ఉడుము వరహాలయ్య ఒక్కడే. వరసగా గదులు, వాటి వెనకాల అన్నిటికీ కలిపి ఒకటే లావుపాటి మట్టిగోడ. గోడమీద మైనంతో సీలు.

"గోడ ఇంత లావెందుకయ్యా?" అంది పోలమ్మ.

"చల్లగా ఉంటుందమ్మా."

"లోపలేముంది?"

"పనితనం. చూపిస్తే పక్క అడవివాళ్ళు కాపీ కొడతారు. సీలు గీరావో, నాకు పూచీ లేదు."

ఉడుముకి గుడ్లంటే ప్రాణమని అడవంతా తెలుసు. అందుకే ఎవరి ఇంటి గుట్టు వాళ్ళకే ఉండాలని, ఆ గదుల్లోవాళ్ళంతా కలిసి గుట్టు సంఘం పెట్టుకున్నారు. దాని పెద్ద ఏదుపంది సింహాద్రి, పోలమ్మ పక్క గదిలోనే ఉంటాడు. వస్తూనే, తన గదికి చేసినట్టే పోలమ్మ గదికీ వరహాలయ్య పెట్టిన తలుపు పీకి అవతల పారేసి, సంఘం తలుపు బిగించాడు.

"వాడి తలుపు వాడి మాటే వింటుంది అక్కా! ఇది మన తలుపు. ప్రతి మేకూ అందరి కళ్ళముందే కొట్టాం. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు."

చూసుకున్నారు కూడా. కుందేలు నాలుగు రోజులు కూర్చుని ఒక్కో మేకూ తట్టి చూసింది. గొళ్ళాలు ఏడు. పోలమ్మ మేతకెళ్దామని అవన్నీ తీసేసరికి ఆకలి చచ్చిపోయేది.

"మరి గోడ?" అంది పోలమ్మ.

సంఘమంతా పకపకా నవ్వింది.

"గోడ గొడవ నీకెందుకక్కా? తలుపు చూడు, ఎంత ముద్దొస్తోందో!" అంది కుందేలు.

"గోడ కట్టిందీ వాడే కదే!"

"సీలుందిగా," అన్నాడు సింహాద్రి. "నేనూ ఈ గోడ పక్కనే పడుకుంటున్నా. నాకేమైంది?"

"నువ్వు గుడ్లు పెట్టవుగా బాబూ."

ఆ తర్వాత మూడోరోజుకి ఆరు గుడ్లు ఐదయ్యాయి. సంఘం పరిగెత్తుకొచ్చి గొళ్ళాలు చూసింది. ఏడూ భద్రం.

"తలుపు తప్పేం లేదు. అసలు నీకు లెక్కపెట్టడం వచ్చా అక్కా?" అన్నాడు సింహాద్రి.

"పెట్టింది నేను బాబూ!"

మర్నాటికి నాలుగు. "నువ్వే తొక్కేసుంటావ్," అంది కుందేలు.

అందరూ వెళ్ళాక పోలమ్మ గోడని ముక్కుతో కొట్టి చూసింది. డొల్ల. గూటి వెనకాల మట్టిపెళ్ళ ఒకటి తలుపులా కదులుతోంది. లోపల ఎవరో ఆవులించారు.

చప్పుడు చెయ్యకుండా నాలుగు గుడ్లనీ ఒక్కోటే దొర్లించుకెళ్ళి ముళ్ళపొదలో పెట్టింది. తిరిగొచ్చి గోడకేసి గట్టిగా అంది: "హమ్మయ్య! నాలుగూ సింహాద్రి గదిలో, గోడ వారగా పెట్టేశా. అక్కడైతే ఎవడూ రాడు!"

గోడలో పరపరా పాకిన చప్పుడు పక్క గదివైపు వెళ్ళింది.

సింహాద్రి అప్పుడే అన్నం తిని, గోడకి వీపు ఆనించి కునుకు తీస్తున్నాడు. వరహాలయ్య అక్కడి మట్టిపెళ్ళ తోసి, ఆశగా మూతి చాపాడు.

ఆ కేక అడవి చివరిదాకా వినబడింది. మూతినిండా ముళ్ళతో ఉడుము గదంతా చిందులు. సింహాద్రి తలుపు దగ్గరికి పరిగెత్తాడు. భయానికి ఒక్క గొళ్ళెమూ ఊడిరాదు.

"పగలగొట్టండ్రా!" అని లోపల్నుంచి అరుపు.

"పగలదు గురువుగారూ! మనం కట్టిన తలుపు కదా!" అంది బయట కుందేలు, కాస్త గర్వంగానే.

పోలమ్మ ఇంటి వెనక్కెళ్ళి గోడని కాలితో ఒక్క తన్ను తన్నింది. అంత లావు గోడా పెంకులా రాలిపోయింది. కోడి తన్నుకి! వరహాలయ్య దుమ్ములోంచి పారిపోయాడు. గోడ పొడుగునా బాట, బాట పొడుగునా గుడ్డుపెంకులు.

మర్నాడు సంఘం కూర్చుంది. అందరూ గోడ గురించి మాట్లాడతారనుకుంది పోలమ్మ. తీర్మానం అయింది: ఎనిమిదో గొళ్ళెం పెట్టాలని. గోడ మళ్ళీ కట్టే పని వరహాలయ్యకే ఇచ్చారు. ఈసారి సీలు పెద్దది వేస్తాడట.

పోలమ్మ వెళ్ళి ముళ్ళపొదలో తన నాలుగు గుడ్లమీద కూర్చుంది. ముంగిస వస్తుంది, నిజమే. వస్తే కనబడుతుంది కదా.

నీతి: తలుపుకి గొళ్ళాలు బాగా పెట్టుకోండి, గోడలో ఉన్నవాడికి దొంగల భయం ఉండదు.